ఇసుక తిన్నెల మీద జలీల్ భాయ్ కుక్కలు

నా చేతిలో మాడిన కూరలున్నాయి, నా కాలు తగిలి ఒలికిన పాలున్నాయి, నేను తలుపు వెయ్యడం మరిచిపోతే కోళ్ళు దూరి తొక్కిన వడియాలున్నాయి. గోదావరి ఇసుకలో ఒక సాయంత్రం నేను చేసిన నిర్వాకం ముందు అవన్నీ ఏపాటి? ఎంతో పోరి సాధించుకున్న షికారును నా నోటితో నేనే, గొంతు చించుకుని మరీ, నీళ్ళలో కలుపుకున్నంత పని చేశాను. ఎలాగో చెబుతాను. మీరు నవ్వినా నాకేం బాధ లేదు. మా ఇంట్లో వాళ్ళు ఇప్పటికే నవ్వి నవ్వి అలిసిపోయారు.

ఎనభైల్లో సంగతి. మాది జూలూరుపాడు. మా ఆయన జలీల్ భాయ్ దగ్గర డ్రైవరు. జలీల్ భాయ్‌ది బట్టలు, గిన్నెల వ్యాపారం. ములకలపల్లి అవతల అడివి పల్లెల సంతలకు సరుకు తీసుకెళ్ళేవాడు. సంత ముగిశాక అక్కడే పడుకోవాల్సి వస్తుందని ఓ పాత వ్యాను కొని, లోపల పడుకోవడానికి బల్ల, దాని మీద పరుపు, సామాన్లకు అరలు, కిరసనాయిలు స్టవ్వుకు ఓ మూల, కిటికీకి పూల గుడ్డ, అన్నీ పెట్టించాడు. నడిచే ఇల్లన్నమాట. మా వంటిల్లు వానకు కారేది, అది కారేది కాదు. ఏది నయమో మీరే చెప్పండి.

ఆ రోజుల్లోనే మా తోటికోడలు విశాఖపట్నం వెళ్ళి సముద్రం చూసొచ్చింది. ఆమె మాటలు వింటే సముద్రాన్ని కొంగున ముడేసుకుని తెచ్చిందా అనిపించేది. ఇంటికి ఎవరొచ్చినా ఓ శంఖం చెవి దగ్గర పెట్టి, "ఇన్నరా హోరు?" అనేది. నాకూ పెట్టింది. నాకు మాత్రం ఆ హోరులో "నువ్వెప్పుడు పోతవే?" అన్నట్టు వినిపించింది.

పెళ్ళయిన దగ్గర్నుంచి అత్తిల్లు, పుట్టిల్లు తప్ప ఇంకో చోట నిద్రపోయి ఎరగను. నీళ్ళ పక్కన, ఇసుక మీద, ఒక్క రాత్రి. నాక్కావలసింది అంతే. పట్టు పట్టి కూర్చున్నాను.

"సముద్రం ఏడుంది, మనమేడున్నం?" అన్నాడు మా ఆయన.

"గోదారి ఉంది గదా! దుమ్ముగూడెం దిక్కు ఎండాకాలం ఇసుకే ఇసుక. సముద్రం గాకపోతే దాని చెల్లె అనుకుంటం."

"బండో?"

"జలీల్ భాయ్‌ని అడుగు. నువ్వడగకుంటే నేనే అడుగుత."

అనడమే కాదు, అడిగాను కూడా. ఆయన మేనకోడలి పెళ్ళికి హైదరాబాదు వెళ్తున్నాడు. "తీస్కపో బేటీ. కానీ మోతీని, షేరును గూడ తీస్కపోవాలె. బండి లేకుంటే వాటికి నిద్ర పట్టదు. మస్తు షరీఫ్ పిల్లలు. ఒక్కపారి చెప్తే ఇంటయి," అన్నాడు.

మోతీ నల్ల కుక్క, షేరు ఎర్రది. రెండూ దూడలంత ఉండేవి.

ఇక మిగిలింది అత్తమ్మ అనుమతి. "గోదారి తానం జేసి ఎన్నేండ్లాయెనో, నేనూ వస్త," అన్నది. అని ఆగితే బాగుండేది. "కుక్క గిట్ల బండి లోపల కాలు వెట్టిందనుకో, ఆ నిమిషమే నిన్ను తోల్కొని బస్సెక్కుత. మళ్ళ జన్మల గడప దాటనియ్య," అని కూడా అన్నది.

"కాలు కాదత్తమ్మా, దాని నీడ గూడ పడనియ్య," అని మాటిచ్చేశాను.

భద్రాచలం వంతెన దాటి, మధ్యాహ్నం తిరిగేసరికి దుమ్ముగూడెం దగ్గర ఒడ్డుకు చేరాం. నేల గట్టిగా ఉన్న చోట మా ఆయన బండి ఆపాడు. ముందు తెల్లటి ఇసుక, అవతల సన్నటి నీళ్ళు, అద్దరిన అడివి. శంఖం మొహాన కొట్టాలనిపించింది. సాయంత్రం అత్తమ్మ కాస్త దిగువకు వెళ్ళి స్నానానికి దిగింది. మా ఆయన మంచినీళ్ళ క్యాను, చేపలకు ఓ సంచీ తీసుకుని ఊళ్ళోకి బయల్దేరాడు.

"మరి ఈ కుక్కలెట్ల?" అన్నాను.

"చెప్పినట్టు ఇంటయి తియ్," అని వెళ్ళిపోయాడు.

నేను ఇసుకలో కాళ్ళు చాపుకుని కూర్చున్నానో లేదో, మోతీ, షేరు నీళ్ళలో మునిగి, ఇసుకలో పొర్లి, నువ్వుల్లో దొర్లించిన అరిసెల్లా తయారై, ఒక్క దూకులో బండి ఎక్కేశాయి. ఎక్కి ఎక్కడ నిలబడ్డాయి? అత్తమ్మ పరుపు మీద!

పరుగెత్తుకెళ్ళి తలుపు దగ్గర నిలబడి అరిచాను. "బైట!"

రెండూ ఠక్కున కూర్చున్నాయి.

"కూసుంటున్నరేంది? బైట!"

ఇంకా నిటారుగా కూర్చున్నాయి, ఫోటో స్టూడియోలో కొత్త జంటలాగా.

వదిలేదాన్ని కాదు నేను. కర్ర చూపించాను, "బైట!" కూర్చున్నాయి. గడ్డం పట్టుకున్నాను, "బైట, నాయినా, మీ కాల్మొక్కుత." కూర్చునే తోకలూపాయి. మనుషులకైతే చేసి చూపిస్తే అర్థమవుతుంది కదా అని నేనే బండి ఎక్కి, దిగి, "గిట్ల! బైట!" అని మళ్ళీ ఎక్కి, మళ్ళీ దిగాను. మెడలు అటూ ఇటూ తిప్పి నా ఆట చూశాయి. చివరికి తినడానికి తెచ్చుకున్న ఓ గారె ఇసుకలోకి విసిరాను. షేరు లేచింది. ఆనందం పట్టలేక "ఆఁ, బైట, బైట!" అన్నాను. పాపం, గారె వంక చూస్తూ, చొంగ కార్చుకుంటూ మళ్ళీ కూర్చుంది. అదీ ఎక్కడ? మడతపెట్టి ఉంచిన అత్తమ్మ పొడి చీర మీద.

అప్పుడే అత్తమ్మ తడి బట్టలతో వస్తూ కనిపించింది. నేను తలుపు మూసి దానికి వీపు ఆనించి నిలబడ్డాను.

"తలుపెందుకే మూసినవ్?"

"గాలి, అత్తమ్మా. ఇసుక వడ్తదని."

"కుక్కలేవి?"

"గవి... షికారుకు పోయినయి."

లోపల షేరు తుమ్మింది.

"ఎవలే తుమ్మింది?"

"నేనే."

"నోరు మూస్కొని తుమ్మినవా?" అంటూ దగ్గరకొచ్చింది అత్తమ్మ. "చీర తియ్యి, సలికి వణుకుతున్న."

"మీరు గాడ నిలవడుండ్రి, నేను తెస్త." తలుపు కొంచెమే తెరిచి చెయ్యి లోపలికి పెట్టాను. చీర కొంగు దొరికింది. లాగాను. రాలేదు. దాని మీద ఓ దూడంత బరువుంది కదా!

అత్తమ్మకు ఓపిక అయిపోయింది. నన్ను భుజం పట్టి పక్కకు నెడుతూ, "చల్! అడ్డం లే!" అంది.

అంతే. తలుపు బద్దలయినట్టు తెరుచుకుంది. మోతీ నా మీద నుంచి, షేరు నా పక్కనుంచి దూకాయి. నేను వెల్లకిలా ఇసుకలో పడ్డాను. షేరు మెడకు చుట్టుకున్న చీర జెండాలా ఎగురుతూ గోదావరి వైపు సాగిపోయింది.

"నా చీరే!" అని అత్తమ్మ వెనకే పరుగు. మోకాళ్ళ నొప్పులని ఆముదం రాయించుకునే మనిషి, నాకంటే ముందు నీళ్ళ దగ్గరికి చేరింది. కుక్క మోకాలి లోతులో ఉంది.

"బైటికి రా, ముదనష్టపుదానా! బైట!" అంది అత్తమ్మ.

షేరు, దాని వెనకే దిగిన మోతీ, రెండూ నీళ్ళలో కూర్చున్నాయి. షేరుతోపాటు చీర కూడా కూర్చుంది.

మా ఆయన చేపల సంచీతో వచ్చేసరికి చూసింది ఇదీ: నిలువెల్లా తడిసిన తల్లి, నెత్తి నిండా ఇసుకతో పెళ్ళాం, గోదావరిలో బుద్ధిగా కూర్చున్న రెండు కుక్కలు.

"నడువ్! బస్సెక్కుదాం," అంది అత్తమ్మ నాతో.

"నేను రాను," అన్నాను. కోడలినయ్యాక ఆమెతో ఆ మాట అనడం అదే మొదటిసారి. నాకే భయమేసింది. కానీ ఆ ఇసుక మీదనుంచి కదలదలుచుకోలేదు. "ఈ ఒక్క రాత్రి ఈడనే పండుకుంట. రేపట్నుంచి మీరు గడప దాటనియ్యకుండ్రి."

మా ఆయన ఇద్దరి మధ్యకూ వచ్చాడు. "ఆగుండ్రి. అసలు కుక్కల్ని ఏమన్నరు?"

"బైట అన్న. ఎంత మొత్తుకున్నా కూసుంటున్నయి!"

మా ఆయన సంచీ కింద పడేసి, కడుపు పట్టుకుని ఇసుకలో కూలబడ్డాడు. "అవి జలీల్ భాయ్ కుక్కలే! ఉర్దూ తప్ప రాదు వాటికి. బైఠ్ అంటే కూసో అని. చల్ అంటే పో అని!"

అత్తమ్మ కుక్కల వైపు తిరిగి, నమ్మకం లేనట్టే, "చల్," అంది. కుక్కలు లేచి ఒడ్డుకొచ్చాయి. "బైఠ్," అంది. కూర్చున్నాయి. ఆమె మొహంలో ఏదో వెలిగింది. "ఓసారి చెప్తే ఇంటున్నయి రా!" అంది కొడుకుతో. "నా కడుపున పుట్టినోడు ఇన్నడా? నా ఇంటికొచ్చిన కోడలు ఇన్నదా?"

చల్, బైఠ్, చల్, బైఠ్. అలా ఆమె గోదావరి ఒడ్డున కవాతు చేయిస్తుండగానే రోడ్డు మీద ఆఖరి బస్సు హారను కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. ఆమె తలెత్తి కూడా చూడలేదు. నేను మాత్రం దాని మోత ఆగిపోయేదాకా విన్నాను. అంత తియ్యటి మోత ఏ శంఖంలోనూ ఉండదు.

చేపల పులుసు తిన్నాక అత్తమ్మ పరుపు దులుపుకుని పడుకుంది. ఆమె కాళ్ళ దగ్గర మోతీ, తల దగ్గర షేరు. దుప్పటి తీసుకుందామని నేను బండిలో కాలు పెట్టబోయాను.

"బైట!" అంది అత్తమ్మ.

కుక్కలు రెండూ లేచి కూర్చున్నాయి. నేను దిగిపోయాను. మా ముగ్గురిలో తెలుగు అర్థమయ్యేది నాకొక్కదానికే మరి.

ఇసుక మీద చాప పరుచుకున్నాను. నీళ్ళ పక్కన, నాక్కావలసిన చోటే. అక్కడే పడుకుని, గోదావరి సాక్షిగా గట్టి ఒట్టు పెట్టుకున్నాను: కుక్క గానీ, పిల్లి గానీ, చిలక గానీ, దాని మాతృభాష ఏదో పెద్దలను విచారించకుండా ఈ జన్మలో దానికి హుకుం వెయ్యను. అత్తమ్మలకైతే సరేసరి, ఏ భాషలోనూ వెయ్యను.