బెల్లం గోడ

చాలా ఏళ్ల కిందట మదనపల్లెలో కుప్పం బస్సెక్కితే, పక్కసీట్లో ఒకావిడ ఉంది. చిన్న ఊళ్లలో పాత కట్టడాలు కాపాడే ఆర్కిటెక్టట. పుంగనూరులో మా అంగడి మిద్దె కారుతోందని, మర్నాడే పడగొట్టిస్తున్నానని చెప్పాను. ఊరికే ఉండలేక, దాని గోడల గారలో పదివేల కోడిగుడ్లు కలిపారని కోతలు కోశాను.

ఆవిడ కుప్పం టిక్కెట్టు సంచిలో పెట్టుకుని పుంగనూరులో నాతోపాటే దిగింది. అంగట్లో గోడ గీరి, ఆ పొడి నాలుక మీద వేసుకుంది.

"గుడ్లు అబద్ధమప్పా. బెల్లం నిజం. గోడలు గట్టిగానే ఉండాయి. పైన సున్నం దంచి ఏయిస్తే సాలు. యాల పడగొడతావు?"

పడగొట్టడానికి వచ్చిన మేస్త్రీలతోనే మిద్దెమీద సున్నం దంచించాను. మళ్లీ కారలేదు. ఈ సంగతి చెబితే ఎవరూ నమ్మరు. నమ్మనివాళ్లను గోడ నాకి చూడమంటాను. అక్కడిప్పుడు జానెడు గుంత పడింది.