చేపలు బెదురుతాయట

మా తెరచాప మీద ఒక నాయకుడి ముఖం ఉండేది. ఎన్నికలు అయిపోయాక కరెంటు స్తంభం నుంచి నేనే విప్పుకొచ్చిన ఫ్లెక్సీ అది. వెదురు గడకు కట్టి, కింది కొసకు తాడు బిగిస్తే ప్రాజెక్టు నీళ్ల మీద చక్కగా పనిచేసేది. గాలి పట్టినప్పుడు ఆయన బుగ్గలు ఉబ్బేవి. మా ఊరు ముంపులో పోయిననాడు తొంగిచూడని మనిషి ఇట్లాగైనా అక్కరకొచ్చాడని కనపడ్డ వాళ్లందరితో అనేవాణ్ని. నా నోరు అంత మంచిది కాదు. అయినా నన్నెవరూ నోరు మూసుకోమనలేదు. వాళ్లు మూయించింది నా దోస్తు నోరు.

వాడిది సిరిసిల్ల. పెళ్లికి ముందు నుంచీ సాంచలు నడిపాడు. మా వైపు మరమగ్గాన్ని సాంచ అంటారు. ఆ షెడ్డులో చెవికి నోరు ఆనించి అరిస్తే తప్ప మాట వినపడదు. ఆ మోత వాడి చెవులను కొద్దికొద్దిగా తినేసింది, మిగిలింది ఒక చలికాలపు జ్వరం తినేసింది. జగిత్యాలకు తీసుకుపోయి చెవి మిషన్ పెట్టించారు. పెట్టుకుంటే తలలో మళ్లీ సాంచలు నడుస్తున్నాయని తీసి బియ్యం డబ్బాలో పడేశాడు. చెవులు పోయినా గొంతు మాత్రం షెడ్డులో ఉన్నట్టే ఉండిపోయింది. కిరాణా కొట్లో అరిచేవాడు, చావు ఇంట్లో అరిచేవాడు. తను మామూలుగానే మాట్లాడుతున్నానని అనుకునేవాడు, పాపం.

షెడ్డు మూతపడ్డాక ఒకరోజు బోయినపల్లి దగ్గర మా కాలనీకి వచ్చి, నా ఇంటి ముందు నిలబడి ఒక్క కేక పెట్టాడు.

"అరేయ్, నాకు పడవ నేర్పురా! అందరు మహారాష్ట్రల భీవండి సాంచలకు పొమ్మంటుండ్రు. గా ఊర్లె గీ చెవిటోనికి ఎవడు సైగలు జేస్తడు? నేను పోను!"

వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. నేను చేపలు పట్టే ఇంట్లో పుట్టినవాణ్ని, నీళ్లు తప్ప నాకు ఇంకేం తెలుసు? సరేనన్నాను.

పడవలో ముందు కూర్చున్నవాడు తెరచాప తాడు పట్టుకోవాలి, వెనకవాడు తెడ్డుతో దారి తిప్పాలి. వాడు ముందు, నేను వెనక. అదెంత తెలివితక్కువ ఏర్పాటో నీళ్ల నడుమకు పోయాక అర్థమైంది. వీపుకు ఏం చెప్తాం? పెదవులు చదువుదామన్నా వాడికి నా ముఖం కనపడదు. ఇంతెత్తున తిట్టాను, గాలికి పోయింది. కర్రతో వీపులో పొడిచాను.

"ఏందిరా? ఎద్దనుకున్నవా నన్ను?" అని గయ్యిమన్నాడు. తర్వాత చెప్పులు విడిచి, అరికాళ్లు పలకల మీద ఆనించాడు. "కాలుతోని కొట్టు. ఏ సాంచ ఆగిందో షెడ్డుల నాకు నేలకెళ్లి తెలుస్తుండె."

అంతే, మా భాష దొరికింది. మడమతో ఒక దెబ్బ కొడితే తాడు లాగాలి. దడదడ కొడితే వదలాలి. పాదంతో రాస్తే గాలి మళ్లుతోందని. నేను ఇంకా కాలు ఎత్తకముందే వాడి భుజాలు సిద్ధమయ్యేవి. అబ్బ, ఎంత హాయిగా ఉండేదో! చెవులున్నవాళ్లు పదిమందిని ఎక్కించుకున్నాను ఆ పడవలో, ఒక్కడికీ చెప్పింది ఎక్కి చావలేదు.

అయితే ఒక రోగం ఉండేది వాడికి. తెరచాప తాడును ఎప్పుడూ కట్టేయకూడదు. చేతిలోనే ఉండాలి, గాలి విసిరికొడితే వదిలేయాలి. ఇదేమో నేతపని చేసిన చెయ్యి. తెగిన పోగు కనపడితే ఆ క్షణమే ముడి పడాలి, లేకపోతే గుడ్డ ఖరాబు. వేలాడే కొస కంట పడితే వాడి వేళ్లు ఆగవు. ఒకనాడు నేను వలవైపు చూస్తున్నప్పుడు తాడును అడ్డపలకకు ముడేసి, చేతులు దులుపుకొని దర్జాగా కూర్చున్నాడు. గుట్ట పక్క నుంచి గాలి కొట్టింది. నేను దడదడ పలక వాయించాను. వాడు ముడి మీద పడ్డాడు. అది వస్తే కదా! పడవ ఒరిగి, నాయకుడి ముఖంతో సహా నీళ్లలో బోర్లా పడ్డాం. పడవ అడుగు పట్టుకొని నేను దగ్గుతుంటే వాడు సంబరంగా అరుస్తున్నాడు.

"ముడి మంచిగ వడ్డదిరా! ఇప్పుదామన్నా రాలే!"

కొట్టాలో నవ్వాలో తెలియలేదు. మర్నాటి నుంచి వాడి ఎడమ చేతికి ఒక నూలు పోచ ఇచ్చాను. ఎన్ని ముడులైనా దానికే వేసుకొమ్మన్నాను. తాడు కుడిచేతిలో బతికిపోయింది.

వానలు పోయేసరికి ఒంటరిగా పోయి రావడం వచ్చేసింది. పొద్దున మంచులో వాడి పడవ కనపడకపోయినా "గాలి అచ్చెరా!" అనే కేక వినపడేది. అదిగో, అక్కడున్నాడు అని అందరం అనుకునేవాళ్లం. ఇక వాడికి కావాల్సింది ఒక్కటే. మా మత్స్యకారుల సంఘం ఒప్పుకుంటే సొంత పడవ, సొంత వల. ఒప్పుకోకపోతే భీవండి బస్సు.

ఒప్పుకునేవాళ్లే. ఒడ్డున చేపలు తూకం వేసేచోట వాడు నా చెవి దగ్గరకు వంగి గుసగుసగా అడిగాడు. వాడి లెక్కలో అది గుసగుస.

"గీ అధ్యక్షుడే గదరా, పక్కోని వలలకెళ్లి చాపలు ఏరుకునేది?"

తూకం ఆగిపోయింది. సంఘం అధ్యక్షుడు అక్కడే ఉన్నాడు. సంగతి అందరికీ తెలిసిందే, కానీ అందరి ముందూ అన్నవాడు ఇంతవరకు లేడు. ఆయన తన చేపల లెక్క రాయించుకొని వెళ్లిపోయాడు. సంఘం కూర్చున్న రోజున మాత్రం చాలా నిదానంగా చెప్పాడు.

"పని అచ్చినోడే, కాదంటలేను. గని నీళ్ల మీద గట్ల ఒర్రితే చాపలు బెదుర్తయి. అందరి కడుపులు కాల్తయి."

నాకు ఒళ్లు మండింది. "ఏం మాట్లాడుతున్నవ్ కాకా? వినాయకుల నిమజ్జనానికి గిదే ఒడ్డున డీజే బాక్సులు పెడితిరి, అప్పుడు బెదురలేదా చాపలు?" అన్నాను. కొందరు నవ్వారు. ఒక్కడూ నాతో నిలబడలేదు. థూ! వాళ్ల వలల్లోంచి పోయిన చేపలకు కూడా వాళ్లు నోరెత్తలేదు.

వాడు అందరి ముఖాలూ చూస్తున్నాడు. "ఏమంటుండ్రురా?" అని అరిచాడు. అధ్యక్షుడు చెవులు మూసుకొని, చూశారా అన్నట్టు తల తిప్పాడు. నేను వాడి ముందుకు వచ్చి, పెదవులు కనపడేలా నెమ్మదిగా చెప్పాను. చేపలు బెదురుతాయట. గొంతు తగ్గించుకుంటే పోనిస్తారట. ఒక్కసారి అరిచినా పడవ ఒడ్డెక్కించాలట.

వాడికి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. "గంతేనా? తగ్గిస్త అని చెప్పు" అన్నాడు, అందరూ ఉలిక్కిపడేలా.

ఎంత గట్టిగా మాట్లాడుతున్నాడో వినపడని మనిషి ఎట్లా తగ్గించుకుంటాడు? ఛాతీ మీద చెయ్యి పెట్టుకొని మాట్లాడమన్నాను. అదురు ఎక్కువ తగిలితే గొంతు పెద్దదైనట్టు. కాలితో నేల చదివినవాడు, చేతితో ఛాతీ చదవడం ఎంతసేపు? అదురు తగ్గించాడు, ఇంకా తగ్గించాడు. అధ్యక్షుడి పడవ దగ్గరకు వచ్చినప్పుడల్లా చెయ్యి ఛాతీ మీదకు పోయేది. పడవ వచ్చింది, వల వచ్చింది. మంచులో వాడు ఎక్కడున్నాడో తెలియడం పోయింది.

చలి ముదిరాక వాడి భార్య కోరుట్లలో తల్లిగారింటికి పోయి వస్తూ, తిన్నగా మా ఇంటికి వచ్చింది.

"ఏం నేర్పినవే అన్నా ఆయనకు? ఇంట్ల పెదవులు కదుపుతడు, సప్పుడు రాదు. ఇనవడ్తలేదని చెప్తే, నీకు గూడ చెవుడచ్చిందా అని నవ్వుతడు. గట్టిగ మాట్లాడుమంటే చెయ్యి ఛాతి మీద పెట్టుకుంటడు. ఇంట్ల గట్టిగ మాట్లాడుడు అలవాటైతే నీళ్ల మీద నోరు జారుతదట. ఒర్రినప్పుడు పరువు తీస్తుండని ఏడ్చిన. ఇప్పుడు గా ఒర్రుడు ఏడికెళ్లి తేవాలె?"

కూర్చోమని పీట వాల్చాను, ఆమె కూర్చోలేదు. అధ్యక్షుడు ఆ సంవత్సరం కూడా పక్కవాళ్ల వలలు ఏరుకుంటూనే ఉన్నాడు.

తర్వాత కొద్దిరోజులకు మేమిద్దరం ఒడ్డున వల ఆరేస్తుంటే నా ఫోను మోగింది. వాడి కూతురు, జగిత్యాలలో నర్సింగు చదువుతోంది.

"మామా, నాయిన ఉన్నడా ఆడ? ఫోను ఆయనకియ్యి. నేను చెప్పేది ఇనవడదని తెల్సు, ఆయన్ను మాట్లాడుమను. రేపు నాకు పరీక్ష. నాయిన గొంతు ఇనక ఎన్ని రోజులాయెనో."

తెర మీద పిల్ల ఫోటో చూపించాను. వాడి ముఖం వెలిగింది. ఫోను నోటికి ఆనించుకొని, ఎడమ చెయ్యి ఛాతీ మీద పెట్టుకొని మాట్లాడసాగాడు. చాలాసేపు మాట్లాడాడు. నడుమ నవ్వాడు, తల ఊపాడు, భయపడొద్దన్నట్టు చెయ్యి ఆడించాడు. నేను మూరెడు దూరంలో నిలబడ్డాను. ఒక్క మాట బయటికి రాలేదు.

ఫోను నా చేతిలో పెట్టి కనుబొమలు ఎత్తాడు. ఈ మధ్య వాడి పెదవులు చదవడం నాకు అలవాటైంది. మెల్లగనే మాట్లాడిన గదా, అంటున్నాడు.

ఫోను చెవికి పెట్టుకున్నాను.

"మామా, నాయిన రాలేదా ఇంక? ఉత్త గాలి సప్పుడే ఇనవడ్తుంది."

వాడు నా ముఖమే చూస్తున్నాడు. మంచిగా మాట్లాడావని తల ఊపాను.