పెద్దక్క కూర్చున్న సోఫా

ఆ కుటుంబంలో ఎవరు మంచం కొనాలన్నా, కుర్చీ కొనాలన్నా ముందు పెద్దక్కకు ఫోను వెళ్లేది. తోబుట్టువుల్లో పెద్దది కాబట్టి పెద్దక్క. వాళ్లు పిలవగా విని వీధిలోవాళ్లూ, ఆసుపత్రిలోవాళ్లూ కూడా అలాగే పిలిచేవారు. ఆసుపత్రిలో దుప్పట్ల గది ఆమె చేతికింద ఉండేది. ఉతికి వచ్చినవి మడతలు పెట్టి, చిరిగినవి పక్కకు తీసి, వార్డులకు పంపడం ఆమె ఉద్యోగం. మనిషి భారీ. చిన్నప్పుడూ భారీయే. ఆ సంగతి ఆమెకూ తెలుసు, లోకానికీ తెలుసు. తన తిండి తాను తిని తన కాళ్ల మీద తాను నిలబడే మనిషి, దానికి సిగ్గెందుకు పడాలి? పడలేదు.

సామాను ఎంచడంలో ఆమెకొక పద్ధతి ఉంది. షాపులోకి వెళ్లాక పాలిష్ వంక కన్నెత్తి చూడదు. మొహం చూసి మోసపోవడానికి మనుషులు చాలరా, సామాన్లు కూడా కావాలా అంటుంది. సోఫా అయితే ముందుకాలు ఒకటి పట్టుకుని జానెడు పైకెత్తుతుంది. చట్రం గట్టిదైతే రెండో ముందుకాలు కూడా దాంతో పాటే లేస్తుంది. లేవకుండా నేలనే పట్టుకుని ఉందంటే చట్రం మెలితిరుగుతోందన్నమాట. బీరువా సొరుగైతే పూర్తిగా బయటికి లాగి, ఒక మూల మీద చెయ్యి వేసి తోస్తుంది. సొరుగుని రెండు చేతులతో పద్ధతిగా తోసే మనిషి ఏ ఇంట్లోనూ ఇంకా పుట్టలేదని ఆమె నమ్మకం. సోఫా చేతి మీద కూడా ఎక్కి కూర్చుంటుంది. ఎందుకంటే ఫోను మాట్లాడేవాళ్లూ, అలిగినవాళ్లూ, ఆఫీసుకు ఆలస్యమై సాక్సు తొడుక్కునేవాళ్లూ అందరూ కూర్చునేది అక్కడే. చివరగా సీటు నడిమధ్య దభీమని కూర్చుని, లేచి, మళ్లీ కూర్చుంటుంది. అప్పుడు నోరు విప్పి తీసుకోమనో వద్దనో చెబుతుంది.

ఇదంతా ఎవరూ నేర్పలేదు. తల్లి పోయాక తమ్ముడినీ చెల్లెల్నీ పెంచింది ఆమే. ఇంట్లో సామాను ఎలా చస్తుందో దగ్గరుండి చూసింది. మంచం కోళ్లు పిల్లల గెంతులకి తట్టుకుంటాయి గానీ, ఎత్తి జరపడానికి బద్ధకించి ఈడ్చేవాళ్ల చేతిలో విరిగిపోతాయి. సోఫా అంటే చుట్టాలొస్తే కూర్చునేదని అందరూ అనుకుంటారు. జ్వరం వచ్చిన పిల్ల పడుకునేది దాని మీదే. మొగుడూ పెళ్లాలకు మాటల్లేని రోజున ఒకరు దొర్లేదీ దాని మీదే. ఇన్ని మోయాల్సినదాన్ని రంగు చూసి కొంటామంటే ఆమెకు ఒళ్లు మండేది.

మేనకోడలు, అంటే తమ్ముడి కూతురు, కొత్తింట్లోకి మారుతూ సోఫా కొనాలనుకుంది. ఆ పిల్లకు కవలలు. ఇద్దరూ నిలకడ అనే మాట వినని వయసులో ఉన్నారు. తమ్ముడు, మరదలు, మేనకోడలు కలిసి పెద్దక్కను వెంటబెట్టుకుని షాపుకి వెళ్లారు.

అక్కడ ఒక బూడిదరంగు సోఫా మీద మేనకోడలు మనసు పారేసుకుంది. పెద్దక్క దాని కాలు ఎత్తింది. రెండోది లేవలేదు. ఇంకాస్త ఎత్తితే సోఫా మొత్తం వంకరపోయిందే తప్ప ఆ కాలు మాత్రం కదల్లేదు. వంగి, అడుగున గుడ్డ పక్కకు లాగి చూసింది. పల్చటి చెక్కలు, వాటికి పిన్నులు కొట్టి వదిలేశారు. మూలల్లో దన్నుగా ఉండాల్సిన చెక్కముక్కలు ఒక్కటీ లేవు. తర్వాత అలవాటు ప్రకారం కూర్చుంది, లేచింది. కొత్తది కాబట్టి సోఫా చప్పుడు చేయలేదు.

"ఇది వద్దమ్మా. పైన పటారం, లోన లొటారం. నీ పిల్లలు నాలుగు రోజులు ఎక్కి దూకారంటే మూలలన్నీ వదులైపోతాయి" అని చెప్పి, పక్కనే ఉన్న గోధుమరంగు సోఫా కాలు ఎత్తి చూపించింది. దాని రెండు కాళ్లూ ఒక్కసారే లేచాయి. మేనకోడలు మొహం మాడిపోయింది. ఆ రంగు గోడలకి నప్పదంది మరదలు. తమ్ముడు మాత్రం ఏ చర్చా పెట్టుకోకుండా, బూడిదరంగుదే బిల్లు వేయమని షాపతనికి చెప్పేశాడు.

"వద్దని చెప్పాను కదరా" అంది పెద్దక్క.

"నువ్వు కూర్చున్నావు కదక్కా, కిక్కురుమనలేదు. నువ్వు కూర్చుంటే ఆగిందంటే ఇంకేం చూడాలి? అందుకేగా నిన్ను తీసుకొచ్చేది" అన్నాడు తమ్ముడు, నవ్వుతూ.

షాపతను అటు తిరిగి నవ్వుకున్నాడు. మరదలు మొగుడి చెయ్యి గిల్లింది. ఆ గిల్లుడు పెద్దక్క కంటపడింది. ఇది ఇప్పుడు నోరు జారిన మాట కాదనీ, వాళ్లింట్లో ఎన్నాళ్ల నుంచో తిరుగుతున్న మాటేననీ దాంతోనే తెలిసిపోయింది. అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా పరాయివాడి ముందు ఇంటి పరువు తీయడం ఇష్టంలేక పళ్లు బిగబట్టి బయటికొచ్చింది.

ఇంటికొచ్చి కూడా కుతకుతలాడిపోయింది. ఉడకదూ మరి? చెల్లెలి మంచానికీ, తమ్ముడి డైనింగు టేబులుకీ, వాళ్ల కుర్చీలన్నిటికీ పనులు మానుకుని వెళ్లింది. మోకాళ్ల మీద కూర్చుని అడుగులు తడిమి చూసింది. ఆ తడిమినంతసేపూ వీళ్లు ఎదురుచూసింది ఆమె ఎప్పుడు కూర్చుంటుందా అనే! వాళ్లకు కావలసింది తూకం రాయి. రాయికి నోరెందుకు, తెలివెందుకు? అడ్డాలనాడు బిడ్డలు గాని గడ్డాలనాడు బిడ్డలా అని ఊరికే అన్నారా?

అంత కోపంలోనూ మేనకోడలి మీద మమకారం చావలేదు. సోఫా వచ్చింది, భోజనానికి రమ్మని ఆ పిల్ల పిలిస్తే, బూడిదరంగుకి సరిపోయేలా రెండు దిండు గలీబులు కుట్టి పట్టుకెళ్లింది.

వెళ్లేసరికి తమ్ముడూ మరదలూ సోఫాలో ఉన్నారు. కవలలు చెరో చివరా ఎక్కి గెంతుతున్నారు, వాళ్లని ఎవరూ ఏమీ అనడం లేదు. పెద్దక్క గుమ్మం దాటిందో లేదో మేనకోడలు వంటింట్లోకి పరిగెత్తి ఇనపస్టూలు తెచ్చి వేసింది.

"ఇక్కడ కూర్చో అత్తా. సోఫా మరీ లోతుగా ఉంది, నీకు లేవడం కష్టం" అంది ఎంతో ప్రేమగా.

పెద్దక్క స్టూలు మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయింది. చెల్లెలి ఇంట్లో తనకెప్పుడూ గోడవారగా ఉన్న బల్ల. తమ్ముడి ఇంట్లో పాత చెక్కకుర్చీ, నీ నడుముకి ఇదే మంచిదక్కా అంటూ. ఇన్నాళ్లూ అది మర్యాద అనుకుంది. ఎవరింటికెళ్లినా నాకు వేరే ఆసనం వేస్తారు తెలుసా అని దుప్పట్ల గదిలో తోటివాళ్ల దగ్గర గొప్పలు కూడా చెప్పుకుంది. తాను ఎంచిపెట్టిన సామాను మీద తనను కూర్చోనివ్వని ఇళ్లు అవి. ఏరు దాటాక తెప్ప తగలేయడం అంటే ఇదే కదా. షాపులో మాటకి కోపం వచ్చింది గానీ, ఇప్పుడు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు వచ్చినందుకు మరింత మండిపోయింది.

స్టూలుని పక్కకు నెట్టి, నేరుగా వెళ్లి, తమ్ముడికీ మరదలికీ మధ్య సోఫాలో కూర్చుంది. కూర్చోగానే వాళ్లిద్దరూ చటుక్కున లేచి నిలబడ్డారు.

"వదినా, అది కొత్తది" అంది మరదలు.

"నేనూ కొత్తేనమ్మా. మీ ఎవరిళ్లలోనూ ఇంతవరకు సోఫా ఎక్కలేదు."

తమ్ముడు ఏదో సర్దిచెప్పబోయాడు. పెద్దక్క చెయ్యెత్తి ఆపింది.

"షాపులో నా బరువు కావాల్సొచ్చింది, నా మాట అక్కర్లేకపోయింది. ఇంటికొచ్చేసరికి ఆ బరువూ పనికిరాలేదు. అమ్మ పోయాక నిన్ను చంకనేసుకుని తిరిగానే, నీ బరువెంతో నేనెప్పుడైనా చూసుకున్నానురా?"

మరదలు గోడవంక చూసింది. మేనకోడలి చూపు మాత్రం, పాపం, ఆపుకోలేక సోఫా కాళ్ల మీదికి పోయింది. పెద్దక్క అదీ చూసింది. చూసి, ఇంకాస్త వెనక్కి జారి ఆనుకుని కూర్చుంది. కవలల్లో ఒకడు వచ్చి ఒళ్లోకెక్కాడు, రెండోవాడు భుజం పట్టుకుని గెంతుడు మొదలుపెట్టాడు.

అన్నం ఇక్కడికే తెమ్మని చెప్పింది. మేనకోడలు కంచం తెచ్చి చేతికిచ్చింది. ఆ పక్కా ఈ పక్కా సోఫాలో బోలెడంత చోటు ఉంది గానీ, పిల్లలు తప్ప ఎవరూ వచ్చి కూర్చోలేదు. రమ్మని పెద్దక్కా పిలవలేదు. తమ్ముడు కాసేపు నిలబడి, కాళ్లు మార్చి, అటూ ఇటూ చూసి, చివరికి ఆ ఇనపస్టూలు లాక్కుని కూర్చున్నాడు.