నా మొదటి క్యాసెట్, నా మొదటి చావు

మనిషి ఒకచోట, గొంతు ఇంకోచోట ఉండటం ఆ కాలంలో మా వైపు ఇంకా వింతే. రేడియోలో పాడేవాళ్ళు ఎక్కడో పట్నాల వాళ్ళు, వాళ్ళ సంగతి వేరు. నిన్నటిదాకా మిర్యాలగూడలో వీధి నల్లా దగ్గర బిందె కోసం కొట్లాడిన పిల్ల గొంతు ఇవాళ సూర్యాపేట బస్టాండులో మైకులోంచి వినబడితే, దాన్ని జనం ఏమని అర్థం చేసుకోవాలి? తొంభైల మొదట్లో, నాకు పందొమ్మిదేళ్ళప్పుడు, ఆ చిక్కు వచ్చింది. జనం తమకు తోచినట్టు అర్థం చేసుకున్నారు. దాంతో నేను చచ్చిపోయాను.

చిన్నప్పటి నుంచీ నాది జీర గొంతు. ఏ పాట పాడినా అప్పగింతల పాటలాగే ఉండేది. (మా అక్క సీమంతంలో మంగళహారతి పాడితే ముగ్గురు ముత్తయిదువలు ఏడ్చారు. ఆ తర్వాత నన్ను శుభకార్యాలకు పాడమనడం మానేశారు.) ఆ గొంతుకు ఒక విలువ ఉందని కనిపెట్టింది మా మేనమామ ఒక్కడే. సూర్యాపేటలో ఆయనకు క్యాసెట్ల దుకాణం ఉండేది, ఊరంతా డెక్కు మామ అనేవాళ్ళు. "కోడలా, నీ గొంతుల ఏదో పోగొట్టుకున్న బాధ ఉన్నదే. నువ్వు తత్వాలు పాడు, నేను క్యాసెట్ చేస్త. సూడు, ఇగ మన పేరు యాడికి పోతదో," అన్నాడు. పేరు సరే, మనిషి కూడా పోతుందని అప్పుడు మా ఇద్దరికీ తెలియదు.

స్టూడియో అంటే కోదాడ దగ్గర మూతపడిన ఒక రైసుమిల్లు గోడౌను. పట్టపగలే లోపల మసక చీకటి, పాత ఊక వాసన. నేను పాడిన మాట ఆ చివరి గోడ దాకా పోయి తిరిగి వచ్చేది, కాకపోతే కాస్త ఆలస్యంగా. ఎవరో దాన్ని పట్టుకుని, విని, సరే తీసుకో అని ఇచ్చినట్టుండేది. హార్మోనియం వాయించే తాత మూడో పాటకే కుర్చీ తలుపు దగ్గరికి జరుపుకున్నాడు. పాటలన్నీ ఒకే రకం, జీవుడు ఒళ్ళు విడిచి వెళుతూ చెప్పే మాటలు. నేను కళ్ళు మూసుకుని, నిజంగా వెళ్ళిపోతున్నదాన్నే అన్నంత శ్రద్ధగా పాడాను. (ఆ వయసులో దేనికీ అడ్డూ అదుపూ ఉండదు.)

కొంప ముంచింది క్యాసెట్ అట్ట. కోదాడ ఆర్టిస్టుకు మామ నా ఫోటో, పాటల టేపు ఇచ్చి, "తత్వాల క్యాసెట్, మంచిగ చెయ్యి" అని వచ్చేశాడు. ఆయన నా ఫోటో చుట్టూ బంతిపూల దండ గీసి, కింద దీపం పెట్టి, వెనక మబ్బులు పరిచాడు. ఇదేమిటని మామ అడగబోతే ఆయనే బిత్తరపోయాడు. "పోయినావిడ కాదా అండీ? పాట వింటే అలాగే అనిపించింది మరి!" అప్పటికే అట్టలన్నీ అచ్చయిపోయాయి.

క్యాసెట్ మామ అనుకున్న దానికంటే ఎక్కువే నడిచింది. హుజూర్‌నగర్ బస్సుల్లో, హోటళ్ళలో, మరీ ముఖ్యంగా చావు జరిగిన ఇళ్ళలో, ఎక్కడ చూసినా నేనే. నేను ఎలా పోయానో ఊరికో కథ పుట్టింది. సూర్యాపేటలో చివరి పాట చివరి మాట దగ్గర రక్తం కక్కుకున్నాను. కోదాడలో గోడౌను గోడ కూలింది. మిర్యాలగూడలో నన్ను రోజూ చూసేవాళ్ళు సైతం నాతో మాట్లాడటం తగ్గించారు. ఒక బస్సులో కండక్టర్ నా ముఖం చూసి, అద్దం పక్కన పెట్టిన అట్ట చూసి, టికెట్ కొట్టకుండానే ముందుకు పోయి డ్రైవర్ పక్కన నిలబడ్డాడు. అమ్మ రోజూ దిష్టి తీసి మామను తిట్టేది. మామ మాత్రం, "జర కొన్నొద్దులు బయట తిరగకు కోడలా. బతికున్నవని తెలిస్తే పాటల పస తగ్గుతది," అనేవాడు.

మొదట నవ్వుకున్నాను. కానీ ఒక మధ్యాహ్నం కోదాడలో నడుస్తుంటే ఒక ఇంటి ముందు పాడె కడుతున్నారు, లోపల నా గొంతు పాడుతోంది. తొంగి చూస్తే శవం తల దగ్గర బియ్యం మీద నా అట్ట నిలబెట్టి, దాని మీది నా నుదుటికి కుంకుమ పెట్టారు. ఒకావిడ తల ఎత్తి నన్ను చూసింది. అరవలేదు, భయపడలేదు. వచ్చావా అన్నట్టు తల ఊపింది. నేను సందు మలుపు దాకా పోయి, గోడకు ఆనుకుని, మణికట్టు పట్టుకుని నాడి చూసుకున్నాను. దొరకడానికి చాలాసేపు పట్టింది.

మర్నాడే సూర్యాపేట వెళ్ళాను. "గాయని బతికే ఉంది" అని దుకాణం ముందు బోర్డు పెట్టాల్సిందేనని మామతో కొట్లాడాను. మామ, తినొచ్చి మాట్లాడతానని తప్పించుకున్నాడు. కరెంటు లేదు. దుకాణంలో ఒక్కదాన్నే కూర్చున్నాను. అప్పుడు మోతె నుంచి ఒక పెద్దమ్మ వచ్చింది. చేతిలో నా క్యాసెట్, టేపు బయటికి వచ్చి చిక్కుపడి ఉంది.

"రోజూ ఈ పాటలు ఇంటనే బిడ్డా. గిట్లయింది. జర సూడు."

తల వంచుకుని పెన్సిల్‌తో టేపు చుట్టాను. పాడుతుందో లేదో చూద్దామని డెక్కులో పెట్టి మీట నొక్కాను. కరెంటు లేదని అప్పుడు గుర్తొచ్చింది. తల ఎత్తేసరికి ఆమె నన్నే చూస్తోంది. అట్ట చూసింది. కౌంటర్ మీదికి వంగి నా పాదాలు చూసింది. అవి సరిగ్గానే ఉన్నాయి.

"నువ్వే గదా?"

"నేనే పెద్దమ్మా, కానీ..."

"నా బిడ్డ పోయి ఏడాదయితది. నీ ఈడుదే. గాడ కనబడ్డదా?"

నేను చావలేదని చెప్పడానికే కదా మిర్యాలగూడ నుంచి వచ్చింది! ఆ మాట నోటి దాకా వచ్చింది. కానీ ఆమె కళ్ళు చూశాక, "కనబడ్డది," అన్నాను.

"ఏమన్నన్నదా?"

"ఏమనలే పెద్దమ్మా. నేను పాడుతుంటే కూసోని ఊఁ కొట్టింది," అన్నాను.

ఆమె ముఖం విప్పారింది. "గంతే. దానికి గదే అలవాటు. కథ చెప్పినా, తిట్టినా, ఊఁ కొట్టుడే."

అప్పుడు కరెంటు వచ్చింది. డెక్కు తిరగడం మొదలుపెట్టింది. నా గొంతు ఒక చరణం పాడి, ఊపిరి తీసుకోవడానికి ఆగింది. ఆ ఆగిన చోట, నా వెనక నుంచి, చిన్నగా, స్పష్టంగా, ఎవరో "ఊఁ" అన్నారు.

పెద్దమ్మ చిరునవ్వు నవ్వింది. నేను మాత్రం గావుకేక పెట్టి, కౌంటర్ దూకి, చెప్పులు లేకుండా బజారులోకి పరుగెత్తాను. చనిపోయిన గాయని పట్టపగలు అరుస్తూ పరుగెత్తడం సూర్యాపేట బజారంతా చూసింది. చాయ్ హోటల్ ముందు బోర్లా పడ్డాను, మోకాలు చీరుకుపోయి రక్తం కారింది. ఎవరో, "అరె, రక్తమొస్తున్నది, బతికే ఉన్నదిరా!" అని అరిచారు. బోర్డు అవసరం లేకుండానే నేను బతికాను. అమ్మకాలు మాత్రం ఆ వారంలోనే పడిపోయాయి.

పెద్దమ్మ నెమ్మదిగా నడిచి వచ్చి, పక్కన కూర్చుని, కొంగుతో నా మోకాలు తుడిచింది. నా అబద్ధం కళ్ళముందే కారుతున్నా ఆమె నన్ను తప్పుపట్టలేదు. "భయపడకు బిడ్డా. అది ఎవ్వరినీ ఏమనదు," అంది. క్యాసెట్‌ను రొంటిన దోపుకుని మోతె బస్సెక్కింది.

ఆ శబ్దం పావురానిదని మామ చివరిదాకా అన్నాడు. హార్మోనియం తాతను అడిగితే చుట్ట వెలిగించాడు. తర్వాత నేను ఇంకో నాలుగు క్యాసెట్లు పాడాను. వాటిలో పువ్వుల పక్కన నవ్వుతూ, ఎంతో ఆరోగ్యంగా ఉన్నాను, ఒక్కటీ నడవలేదు. ఇప్పుడు నాకు ఆ పెద్దమ్మ వయసు వచ్చింది. సూర్యాపేట బజారులో జుట్టు విరబోసుకుని పరుగెత్తిన ఆ పందొమ్మిదేళ్ళ పిల్ల తలపుకొస్తే నవ్వొస్తుంది. చెయ్యి పట్టుకుని ఆపి, "ఎక్కడికే అంత తొందర? ఆ తల్లి పక్కన కూర్చుని పాట అయ్యేదాకా విను," అని చెప్పాలనిపిస్తుంది. అది వినేదా, పాడా! నన్ను చూసి కూడా దయ్యమనుకుని ఇంకా గట్టిగా అరిచేది.