పల్లికాయల ముందు ప్రపంచ సినిమా

పల్లికాయలు ఒలిచే రోజుల్లో మా ఇంట్లో ఫ్యాన్ వేయనివ్వరు. పొట్టు లేచి కళ్లలో పడుతుందట. బిజినేపల్లి ఉక్కపోతకు ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఆ వారం అమ్మకు ఒకటే రంది. వాన పడింది, పదును ఆరకముందే విత్తాలి. విత్తనం కాయ మిషన్‌కు వేస్తే పప్పు పగిలి మొలవదని చేత్తోనే ఒలిపిస్తుంది. వాడకట్టు ఆడవాళ్లు వచ్చి మా హాల్లో కింద కూర్చున్నారు, టీవీ ఉందని. రిమోట్ మాత్రం నా దగ్గరుంది. నాగర్‌కర్నూల్ కాలేజీలో ప్రపంచ దర్శకుల మీద మాట్లాడమన్నారు, సినిమాలు మళ్లీ చూసుకోవాలి. సీరియల్ పోయినందుకు నన్నెవరూ మెచ్చుకోలేదు.

మొదటి రోజు, కన్ను మూసి తెరిచేలోగా షాట్ మార్చే దర్శకుణ్ణి పెట్టాను. కాయలు పట్టుకున్న చేతులన్నీ గాల్లోనే ఆగిపోయాయి. ఎడిటింగ్ బలం అంటే ఇదీ అనుకున్నాను. అమ్మ ఖాళీ చాట వైపు చూసింది.

మరునాడు, బల్ల కింద బాంబును ముందే మనకు చూపించి, ఆ బల్ల దగ్గర కూర్చున్నవాడికి చెప్పని దర్శకుడు. ఈసారి చేతులు ఆడాయి. ఒలిచిన పప్పు నేరుగా నోట్లోకి పోయింది.

"ఇత్తునం తింటున్నవేందక్కా?" అంది అమ్మ, పక్కింటి పెద్దామెతో.

"పరేషాన్‌ల సోయి లేదు చెల్లె. వాడు లేస్తడా, లేవడా?"

"వాడు లేచినా లేవకున్నా నా చేను మొలవాలె."

మూడోనాడు జపాన్ ఆయన. చాప మీద కూర్చున్న మనిషి కంటి ఎత్తులో కెమెరా పెడతాడు, ఇక కదపడు. మనుషులు వెళ్లిపోయాక కూడా కాసేపు ఆ ఖాళీ గదినే చూపిస్తాడు. నాకు ప్రాణం.

"కెమెరాయనకు కుర్చీ గిట్ల లేదా?" అంది పెద్దామె.

"మనకున్నదా?" అంది ఇంకొకామె.

అంతే, ఇక సినిమా గురించి ఎవరూ మాట్లాడలేదు. బర్రె ఈనిన సంగతి, వనపర్తి దవాఖానలో సూదులేసే నర్సమ్మ కోపం, ఎవరో పిల్లకు వచ్చిన సంబంధం మాట్లాడుకున్నారు. చేతులు మాత్రం టకటకా ఆడుతూనే ఉన్నాయి. పొద్దు గూకేసరికి బస్తా అడుగు కనబడింది. పెద్ద కళ మనుషుల్లో ఇట్లా నెమ్మదిగా ఇంకుతుందని ఉపన్యాసానికి ఒక వాక్యం కూడా అనుకున్నాను.

అమ్మ చాట దులుపుతూ నా వైపు తిరిగింది. మొఖం వెలిగిపోతోంది.

"రేపు గూడ ఈయన్నే పెట్టు బిడ్డా. ఒక్కలు గూడ టీవీ దిక్కు చూస్తలేరు."