గ్వాటెమాలా తలగుడ్డ

చెన్నూరు దగ్గరి బడిలో నాది టెంపరరీ నౌకరి. ఐక్యరాజ్య సమితి దినానికి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడనీ, ఆయన మెచ్చితే పర్మనెంటు, లేకపోతే ఇంటికేననీ హెడ్మాస్టరు ముందే చెప్పాడు. నన్ను కన్న అవ్వా బాపూ మగ్గం మీద సంపాదించేది ఉప్పూ మిరపకాయలకే సరిపోయేది. ఇంటిల్లిపాదీ తినేది నా జీతంతోనే.

ఒక్కో టీచరు ఒక్కో దేశం జెండా తేవాలి. డ్రిల్లు మాస్టరు గబుక్కున జపాన్ తీసుకున్నాడు. తెల్లగుడ్డ మీద ఎర్రటి సున్న చుడితే పని అయిపోతుంది మరి. కొత్తదాన్ని, అందులోనూ ఆడదాన్ని కనుక ఎవరి నోరూ తిరగని గ్వాటెమాలా నాకు మిగిలింది.

బడి అలమారులో జెండాల పుస్తకం ఒకటి ఉంది. గ్వాటెమాలాకు పేజీ నిండా జెండాలే. మొదట నీలం, తెలుపు, నీలం పట్టీలు అడ్డంగా. తర్వాత వచ్చిన దొరలకు స్పెయిన్ మీద మనసు పుట్టి, తెలుపు మధ్యలో ఆ దేశపు ఎరుపు, పసుపు, ఎరుపు దూర్చి ఏడు పట్టీలు చేశారు. వాళ్లను దించినవాళ్లు ఆ రంగులు పీకేసి, పాత జెండానే నిలువుగా తిప్పి, ఒక పిట్టను కూర్చోబెట్టి కొత్తదన్నారు. నవ్వొచ్చింది కానీ నవ్వే హక్కు మాకెక్కడిది. నిజాం పసుపు జెండా దిగి మూడు రంగులది ఎక్కగానే మా ఊరి పెద్దమనుషులు ఎంత తొందరగా సలాములు మార్చారో చిన్నప్పుడు చూసినదాన్నే.

ఒక ఆదివారం ఇంటికొచ్చి, పుస్తకం బాపు చేతికిచ్చి, పేజీలో చివరి జెండా నేయమని చెప్పి వెళ్లాను. మళ్లీ వచ్చేసరికి మగ్గం మీద ఏడు పట్టీల గుడ్డ ఉంది. షావుకారు నమూనాలు చూపిస్తే ఇంట్లో ఉన్న నూలుకు కుదిరేది ఎంచుకోవడం మావాళ్ల పద్ధతి. నిజాం జెండాల కోసం రంగు వేయించి, ఆ జెండాయే పోవడంతో ఎవరూ అడగని పసుపు నూలు బాపు దగ్గర ఏళ్లుగా మూలుగుతోంది. నడుమ వెడల్పాటి పసుపు పట్టీ ఉన్న జెండా కనబడగానే ఆయనకు ప్రాణం లేచొచ్చింది. పైగా జానెడు గుడ్డ కోసం మగ్గానికి దారం ఎక్కించడం దండగని చీర పొడుగున నేసి పెట్టాడు.

"ఆఖర్ది ఉత్త పంచె లెక్కున్నది బిడ్డా. దీనికి అంచున్నది" అన్నాడు.

తెల్లవారితే ఇన్‌స్పెక్టరు వస్తాడు. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఎప్పుడో దిగిపోయిన దొరల జెండా కట్టి నా నౌకరి పోగొట్టుకోమంటావా అని అరిచాను. అవ్వ కత్తెర తెచ్చి మా ఇద్దరి మధ్యలో పెట్టింది. మగ్గం దిగిన గుడ్డను నిలువునా చీల్చడం మా ఇంట్లో ఎన్నడూ లేదు. నేను కత్తెర అందుకోబోతే బాపు చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వు కోస్తే పాపం నీకు తగుల్తది. ఇటియ్యి" అని గుడ్డను ఒకసారి నిమిరి, తనే కోశాడు.

ఎరుపూ పసుపూ నడుమ నుంచి ఊడొచ్చాయి. అవ్వ తెలుపును తెలుపుకు కుట్టింది. జెండాకు చాలినంత ముక్క తీసి నిలువుగా పట్టుకుంటే ఇప్పటి గ్వాటెమాలా. అక్కడ తుపాకులతో చేసిన పని మా ఇంట్లో కత్తెరతో అయిపోయింది.

పొద్దున మొదటి బస్సుకు బడికి చేరాను. ఆ దేశపు పిట్టను ఎన్నడూ చూడని డ్రాయింగ్ మాస్టరు, తనకు తెలిసిన పాలపిట్టను జెండా మధ్యలో గీసిచ్చాడు. ఇన్‌స్పెక్టరు పట్టీల వంక చూడనే లేదు. పిట్టను చూసి చెప్పులు విడిచి దండం పెట్టాడు. దసరా నాడు చూస్తే శుభమని ఎంత తిరిగినా పాలపిట్ట కనబడలేదట, ఆ వెలితి మా బడిలో తీరిందట. నా నౌకరి నిలిచింది.

ఇంటికెళ్లి, ఏడు పట్టీలు ఉన్నా ఇన్‌స్పెక్టరు కనిపెట్టేవాడు కాదని నవ్వుతూ చెప్పబోయి ఏడ్చేశాను. బాపు అప్పటికే ఆ పసుపు ముక్కను తలకు చుట్టుకొని కూర్చున్నాడు. "చూడకుంటే పాయె, నౌకరి నిలబడ్డది గదా" అన్నాడు.

ఆ తలగుడ్డతోనే సంతకు పోయేవాడు. మళ్లీ నిజాం వస్తున్నాడా ఏమని ఎవరైనా ఎకసెక్కమాడితే ఆగి మరీ జవాబు చెప్పేవాడు.

"నిజాంది గాదు. గిది నా బిడ్డ నౌకరి."