నీళ్ల మీద నడిచే చెప్పుల ధర

ఆదివారం మధ్యాహ్నాలు తెనాలిలో మా ఇంట్లో నలుగురం కూర్చుని, పాచికలేసుకుంటూ వీరుల కథ ఆడతాం. మిగతా ముగ్గురివీ తలా ఒక వీరుడి పాత్ర; కథ నడిపేదీ, అందులో దొరికే మాయ వస్తువులకు ధర కట్టేదీ నేనే. ధర న్యాయంగా ఉండాలని నాకో పిచ్చి. నీళ్ల మీద నడిపించే చెప్పులకు వారమంతా ఆలోచించి, జత వెయ్యి బంగారు నాణేలని పెట్టాను.

రేపల్లె నుంచి వచ్చే లెక్కల మాస్టారు పకపకా నవ్వాడు. "వెయ్యేంటండీ! మీ కథలో నదికి కర్ర వంతెన ఉందిగా. పెనుమూడి వంతెన కట్టాక మా రేవులో పడవెక్కినవాడెవడండీ?"

మాట నిజమే. నా న్యాయబుద్ధికి నేనే మురిసిపోయి వందకు దించాను. అంగట్లో ఉన్న ఆరు జతలూ ఆయనే కొన్నాడు. ఒక్క మనిషికి ఆరు జతలెందుకని అడిగే తెలివి మాత్రం నాకు లేకపోయింది.

మరుసటి ఆదివారం కూర్చోగానే ఆయన వీరుడు చేసిన మొదటి ఘనకార్యం ఆ వంతెన తగలబెట్టడం. బూడిద చల్లారకముందే ఒడ్డున చెప్పుల దుకాణం పెట్టించి, నా వైపు తిరిగాడు.

"ఇప్పుడు న్యాయంగా ఎంత పలుకుతాయో మీరే చెప్పండి సార్!"